నోవై, నావెల్, నవల

"నాన్నా, మన ఊరి పేరు నంబర్ సిక్సా?" అంది మొన్న మా అమ్మాయి. నోవైలో పెరిగే పిల్లలందరూ వినే కథే ఇది. గ్రాండ్ రివర్ దారిలో ఇది ఆరో మజిలీ అట. నంబరుకి పొట్టిగా 'ఎన్, ఓ' రాసి, పక్కన రోమన్ ఆరు 'వి, ఐ' చేరిస్తే నోవై అయిందట! కథ బాగానే ఉంది గానీ లెక్క కుదరదు. ఊరికి ఈ పేరు వచ్చింది 1832లో. టోల్ గేట్లు, రైలు ఆ తర్వాతి సంగతి.

ఆ నాలుగక్షరాలూ లాటిన్‌లో మాత్రం అచ్చమైన మాటే. అర్థం 'కొత్తవాళ్ళు'. (మనకి సరిగ్గా సరిపోయింది కదూ!) దాని మూలం 'నోవుస్', అంటే కొత్త. సంస్కృతంలోని 'నవ'కి ఇది దాయాది. దీన్నుంచే ఇటాలియన్‌లో 'నొవెల్లా' పుట్టింది, అక్కణ్ణించి ఇంగ్లీషు 'నావెల్' వచ్చింది. అందుకే ఇంగ్లీషులో నావెల్ అంటే కొత్తదీ, కథల పుస్తకమూ కూడా.

మరి మన 'నవల'? నావెల్‌ని తెలుగులో రాసేసుకున్నాం అనుకుంటారు చాలామంది. పూర్తిగా అలా కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1878లో మొదలుపెట్టిన 'రాజశేఖర చరిత్రము'ని 'వచన ప్రబంధం' అన్నారు. 'నవల' అన్నది కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు. 'నవ' అంటే కొత్తవి, 'లా' ధాతువుకి గ్రహించడం అని అర్థం. కొత్త విశేషాలను గ్రహించేది నవల! ఇంగ్లీషు చప్పుడూ పోలేదు, అర్థమూ కుదిరింది. ఎప్పుడో విడిపోయిన దాయాదులు రాజమండ్రి వైపు మళ్ళీ కలుసుకున్నారన్నమాట.

పిల్లలకో ప్రశ్న. 'నవరత్నాలు'లో నవ అంటే తొమ్మిది. లాటిన్‌లోనూ తొమ్మిది 'నోవెమ్'. మరి నవంబరు పదకొండో నెల ఎందుకయింది? రోమన్ల పాత ఏడాది మార్చిలో మొదలయ్యేది. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి!