22 ఆటలు, ఒక డ్రమ్ము

ఈ నెల ఒక ఆటను గురించి మాట్లాడుకుందాము. ఆట అనగానే పేజీ తిప్పకండి అమ్మా! ఆడేవారికంటె చూచేవారిని గురించే ఇందులో ఎక్కువ ఉన్నది.

అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. మన పిల్లలు కోతలైన పొలాల్లో ఆడే క్రికెట్‌కు దూరపు చుట్టమనుకోండి. బంతిని నేలకు తాకకుండా విసురుతారు, గుండ్రటి బ్యాటుతో కొడతారు. ముగ్గురు అవుటయితే వంతు అయిపోయినట్టే. ఒక్కొక్క జట్టుకు తొమ్మిది వంతులు. పెద్ద జట్లు ఏడాదికి 162 ఆటలు ఆడాలి. ఎంత గొప్ప జట్టయినా అందులో యాభై అరవై ఓడక తప్పదు. కనుక వరుసగా పది గెలిస్తేనే ఊరంతా అదే మాట.

ఒహాయో రాష్ట్రములో ఎరీ సరస్సు ఒడ్డున క్లీవ్‌లాండ్ అనే పట్టణమున్నది. ఆ ఊరి జట్టు 2017 ఆగస్టు 24 మొదలు సెప్టెంబరు 14 వరకు 22 ఆటలు వరుసగా గెలిచింది! అమెరికన్ లీగులో అంతకుముందు ఏ జట్టూ అన్ని గెలవలేదు. 2002లో ఓక్లాండ్ గెలిచిన 20 పాత రికార్డు. ఆ 22 ఆటలలో వీరు చేసిన పరుగులు 142, ఎదుటివారికి ఇచ్చినవి 37. (అప్పుడు జట్టు పేరు ఇండియన్స్. అంటే మనము కాదు, ఆ దేశపు మూలవాసులు. ఆ పేరు తమను నొప్పిస్తున్నదని వారిలో అనేకులు చాలా ఏండ్లు చెప్పగా 2022 నుండి గార్డియన్స్ అని మార్చుకున్నారు. మంచి పనే చేశారు.)

ఆ 22వ ఆట చేయి జారిపోయినట్టే అయింది. కాన్సస్ సిటీ జట్టు ఒక్క పరుగు ముందున్నది. చివరి వంతులో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్క బంతి తప్పితే అంతా అయిపోయినట్టే. అప్పుడు లిండోర్ అనే యువకుడు బంతిని ఎడమవైపు గోడకు కొట్టి లెక్క సమానము చేశాడు. పదవ వంతులో గెలిచారు.

ఇంత సంతోషములో ఆ అభిమానులు ఏమి మాట్లాడుకుంటారో తెలుసునా? ఓటములను గురించి! 1954లో 154 ఆటలకు 111 గెలిచి కూడా, వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోటీలో నాలుగుకు నాలుగూ ఓడిపోయిన సంగతి తాతలు చెప్తారు. 1997లో ఏడవ ఆట, తొమ్మిదవ వంతు, ఇంకా ఇద్దరిని అవుట్ చేస్తే చాలు అన్నచోట గెలుపు జారిపోయిన సంగతి తండ్రులు చెప్తారు. 2016 సంగతి పిల్లలకే తెలుసు. షికాగో జట్టుపై 3-1 ఆధిక్యములో ఉండి, చివరకు వానపడి ఆగిన ఏడవ ఆటలో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. వారు ఆఖరి పోటీ గెలిచినది 1948లో. గెలుపు ముచ్చట మూడు మాటలలో అయిపోతుంది గాని ఓటమి ముచ్చటకు రాత్రి చాలదు. మన ఇండ్లలో మాత్రము, బాగా పండిన ఏటికంటె తుపానులో పోయిన పంటను గురించే గదా పెద్దలు ఎక్కువ చెప్తారు!

ఈ అభిమానులలో జాన్ ఆడమ్స్ అని ఒకాయన ఉండేవాడు. పాత స్టేడియములో జనము పలుచగా ఉండేది. వచ్చిన కొద్దిమంది ఖాళీ కుర్చీలను చరిచి సందడి చేసేవారు. 1973 ఆగస్టు 24న ఈయన 25 డాలర్లకు కొన్న పెద్ద డ్రమ్ము మోసుకొచ్చి వెనుక బెంచీల్లో కూర్చుని వాయించాడు. ఆ తరువాత 2019 వరకు, మూడువేల ఏడువందలకు పైగా ఆటలకు వచ్చాడు. జట్టు అట్టడుగున ఉన్న ఏండ్లలోనూ వచ్చాడు. తారీఖు గమనించారా? 22 విజయములు మొదలైనదీ ఆగస్టు 24నే, నలువది నాలుగేండ్ల తరువాత.

వరుస సెప్టెంబరు 15న తెగింది. అదే కాన్సస్ సిటీ చేతిలో, 4-3. ఆట ముగియగానే జనము ఇండ్లకు పోలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓడిన ఆటగాండ్లు మైదానములోకి తిరిగి వచ్చి టోపీలు తీసి వారికి అభివందనము చేశారు. ఆ 22 విజయములన్నిటికంటె నాకు ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

అక్టోబరులో మరల పాత కథే. న్యూయార్క్ యాంకీస్ మీద మొదటి రెండు ఆటలు గెలిచి, తరువాతి మూడూ ఓడి ఇంటిదారి పట్టారు. ఇన్ని విజయములకు ఫలమేమి అని అడిగేవారున్నారు. వారికి లెక్కలు వచ్చునుగాని, ఆ రాత్రి గోడకు తగిలిన బంతి చప్పుడు వారికి వినబడలేదనుకుంటాను.

2022లో ఆడమ్స్ గారు కూర్చునే బెంచీకి కంచుతో చేసిన డ్రమ్ము బిగించారు. 2023 జనవరిలో 71వ ఏట ఆయన కన్నుమూశాడు. 1948 విజయము నాటికి ఆయన ఇంకా పుట్టనే లేదు.