ఊరి చెట్టుకు మన నక్షత్రం

డిసెంబరు నెల వచ్చిందంటే క్రిస్మస్ చేసుకునే ఇళ్ళల్లో ఆడవాళ్ళకు పనే పని. ఇల్లు దులుపుకోవాలి, సున్నాలు వేయించుకోవాలి, దర్జీ చుట్టూ తిరగాలి, అరిసెలకు బియ్యం నానబోయాలి. ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలు. ఇవన్నీ చాలవన్నట్టు ఈ మధ్య పిల్లలు ఇంకో పేచీ పట్టుకున్నారు. "అమ్మా, మనింట్లో క్రిస్మస్ ట్రీ ఎందుకు పెట్టవు?" అని! మీ ఇంట్లోనూ ఈ పేచీ ఉందా? అయితే ఈ వారం కబుర్లు మీకోసమే.

మా ఇంటి సంగతే చెబుతాను. 2021లో మా పల్నాట మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? మాకూ పూతంతా రాలిపోయింది. కౌలు డబ్బులు, మందుల బాకీ నెత్తి మీద కూర్చున్నాయి. సరిగ్గా ఆ డిసెంబరులోనే మా చిన్నమ్మాయి స్నేహితురాలి ఇంట్లో చెట్టు చూసి వచ్చింది. "నా కంటే ఎత్తుందమ్మా! మీట నొక్కితే పాటలు కూడా వస్తాయి" అని ఒకటే సంబరం. కొట్లో అడిగితే రెండు వేలకు పైమాటే అన్నాడు.

నేను ఆ పూట తల్లిలా మాట్లాడలేదు. "నీకు చెట్టు కావాలా, మీ నాన్న మందుల బాకీ తీర్చాలా?" అని కసిరాను. పదకొండేళ్ళ పిల్ల. మళ్ళీ ఆ మాటెత్తలేదు. రెండ్రోజుల తర్వాత గది ఊడుస్తుంటే కనబడింది. నోటుపుస్తకంలో కాగితం చింపి, పచ్చటి చెట్టు బొమ్మ వేసి, అన్నం మెతుకులతో తలుపు వెనకాల అంటించుకుంది. ఇంటికొచ్చే వాళ్ళెవరికీ కనబడకుండా! చీపురు పట్టుకుని అలాగే కూలబడ్డాను. డబ్బు లేకపోవడం కంటే, పిల్ల తన కోరికను తలుపు చాటున దాచుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడు మా అత్తయ్యగారే దారి చూపించారు. "మా చిన్నప్పుడు ఎవరింట్లో ఉందే చెట్టు? గుళ్ళోనే ఉండేది. సరుగుడు కొమ్మ తెచ్చి, డబ్బాలో ఇసుక పోసి పాతేవాళ్ళు. మంచు అని దూది అంటించేవాళ్ళం. మంచు మొహం మేమెప్పుడు చూశాం గనక? అది మన చెట్టే అనుకునేవాళ్ళం. దాన్ని తీసుకెళ్ళు, ఊరికే చూపించి తీసుకురాకు. దాని చేత ఏదైనా కట్టించు" అన్నారు.

సరే అని పాత పెళ్ళిపత్రికల అట్టలు కత్తిరించి, మెరుపు కాగితం అంటించి తల్లీకూతుళ్ళం నక్షత్రం చేశాం. చర్చిలో చెట్టు వెలిగించే సాయంత్రం ముందుగానే వెళ్ళి అయ్యగారిని అడిగితే, "దానికేం తల్లీ, కట్టు" అన్నారు. కుర్రాళ్ళు నిచ్చెన పట్టుకుంటే మా పిల్ల రెండు మెట్లెక్కి కట్టింది. చీకటి పడ్డాక పాటలయ్యాయి, ప్రార్థనయింది. మీట నొక్కారు. వెలగలేదు! జనమంతా ఒకటే నవ్వు. సీరియల్ సెట్టులో ఎక్కడో బల్బు పోయిందట. కుర్రాళ్ళు దాన్ని వెతికి పట్టుకునేసరికి పావుగంటయింది. ఆ పావుగంటా గేటు బయట నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చేశారు. మా బజారులో ఇస్త్రీ చేసే అతను, పిల్లాణ్ణి చంకనేసుకున్న కూలీ ఆవిడ, పక్కింటి వదినగారు... చెట్టు భగ్గున వెలిగేసరికి అందరి నోటా ఒకేసారి "ఆఁ" అని వచ్చింది. మా అమ్మాయి మాత్రం చెట్టంతా చూడలేదు. "అదిగోనమ్మా, మనది!" అని ఆ ఒక్క నక్షత్రాన్నే చూపించింది.

ఇలా అందరికీ కలిపి ఒక చెట్టు పెట్టడం వెనకాల మంచి కథే ఉంది. ఇళ్ళల్లో చెట్టు పెట్టడం జర్మనీ వాళ్ళ ఆచారం. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండను పత్రికలో పడ్డాక ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. అన్నట్టు, మన గుంటూరుకు 1842లో వచ్చి, 1849లో గురజాల చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు పుట్టింది కూడా జర్మనీలోనే. మరి ఇంట్లో చెట్టు పెట్టుకోలేని వాళ్ళ మాటేమిటి? ఆ ఆలోచనతోనే 1912లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ పార్కులో అందరి కోసం పెద్ద చెట్టు నిలబెట్టి, కరెంటు దీపాలతో వెలిగించారు. 1931లో పనులు దొరక్క అమెరికా అల్లాడుతుంటే, అదే ఊళ్ళో రాక్‌ఫెల్లర్ సెంటర్ కడుతున్న కూలీలు తలా ఇంత వేసుకుని ఒక చెట్టు కొన్నారు. దానికి కట్టిన కాగితం దండలు వాళ్ళ ఇళ్ళల్లో చేసినవే! ఇప్పుడు ప్రపంచమంతా చూసే రాక్‌ఫెల్లర్ చెట్టుకు మొదలు అదేనంటే ముచ్చటగా లేదూ?

ఆ మాటకొస్తే మనకు మాత్రం ఇది కొత్తా? కోటప్పకొండ తిరునాళ్ళకు కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ నుంచి వచ్చే కరెంటు ప్రభలు చూడండి. ఎంత కలవారైనా తన వాకిట్లో సొంత ప్రభ కట్టుకోరు. ఊరంతా కలిసి కడతారు, ఊరంతా "మా ప్రభ" అంటారు. సంక్రాంతికి బొమ్మల కొలువు ఒకరింట్లో పెడితే పేరంటానికి వాడంతా వెళ్ళి చూసి రావడం లేదూ? అలాగే ఇదీను. ఇంట్లో చెట్టు పెట్టుకునే వాళ్ళను నేనేమీ అనడం లేదు సుమండీ! ఉన్నవాళ్ళు పెట్టుకుంటారు, చూడ్డానికి పిలిస్తే మనమూ వెళదాం. అప్పు చేసి మాత్రం వద్దు. లేదని పిల్లల్ని కసరడం అసలే వద్దు.

చర్చి చెట్టు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు:

* ఏ రోజు, ఎన్నింటికి వెలిగిస్తారో ముందే కనుక్కోండి. పిల్లల చేత వారం ముందు నుంచే నక్షత్రమో, గంటో, కాగితం దండో చేయించండి. పెద్దల్ని అడిగి వాళ్ళ చేతులతోనే కట్టించండి. వాళ్ళ చెయ్యి పడితేనే ఆ చెట్టు వాళ్ళదవుతుంది.

* చెట్టుకు మంచు పడి తడిగా ఉంటుంది. కరెంటు వైర్లను పిల్లలు ముట్టుకోకుండా చూసుకోండి. కొవ్వొత్తులు పట్టుకునే చోట నైలాను చున్నీలు, జారే పైటలు జాగ్రత్త.

* అన్నాలు పెందలాడే తినిపించి, చిన్నపిల్లలకు స్వెట్టరు, చెవులకు గుడ్డ తప్పనిసరి. చేతిసంచిలో చెక్కలో, కజ్జికాయలో నాలుగు ఎక్కువే వేసుకోండి. పక్కన నిలబడ్డ పిల్లలకు పెట్టకుండా మన పిల్లలకు పెట్టలేం కదా!

* నడవలేని పెద్దవాళ్ళను మొదటిరోజు తోపులాటలో తీసుకెళ్ళకండి. మర్నాడు సాయంత్రం ఆటోలో తీసుకెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. అది కూడా కుదరకపోతే, క్యారల్స్ పాడే పిల్లల్ని వాళ్ళ మంచం దగ్గర ఒక పాట పాడమని అడగండి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అత్తయ్యగారికి ఇప్పుడు అదే క్రిస్మస్.

* రెంటచింతల, ఫిరంగిపురం లాంటి చోట్ల చుట్టాలుంటే, అక్కడి కతోలిక దేవాలయాల్లో పశువుల పాక కూడా పిల్లలకు చూపించండి. ఇరుగుపొరుగులో వేరే మతం వాళ్ళుంటే పేరంటానికి పిలిచినట్టే బొట్టు పెట్టకపోయినా నోరారా పిలవండి. సంతోషంగా వస్తారు.

ఇంతకీ మా అమ్మాయి చెట్టు అడగడం మానేసిందా అంటే... లేదండీ! మరుసటి ఏడాది మిరపకు మంచి ధర పలికింది. మావారే "పోనీ ఈసారి కొందామా?" అన్నారు. అది కాసేపు ఆలోచించి, "చెట్టు వద్దులే నాన్నా. చర్చి చెట్టుకు రెండు సీరియల్ సెట్లు కొను, కిందటేడు వెలగలేదు కదా! ఇంటి మీద మాత్రం స్టారు మన బజారులో అందరికంటే పైన కట్టాలి" అంది. అంత పైన కట్టడానికి వాళ్ళ నాన్న ఎన్ని తిప్పలు పడ్డారో ఇంకోసారి చెబుతాను.

తలుపు వెనకాల కాగితం ఇంకా అలాగే ఉంది. ఊడదీయడానికి నాకే మనసొప్పలేదు. మీ ఇంట్లోనూ ఏ తలుపు చాటునైనా అలాంటి కాగితం ఉందేమో, ఈసారి ఊడ్చేటప్పుడు ఒకసారి చూసుకోండి!