పంచాంగానికి వదిలేసిన ఆకాశం

"కొల్లేటి లంకల్లో తాగునీటికి కటకటగా ఉంటే, మీరు కుర్రవాళ్లకు సూర్యుని సంగతులు చెప్పుకుంటూ కూర్చుంటారా?" అని ఏలూరులో ఒక అభ్యుదయ మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన ఆవేదన నిజమైనది. వాదన మాత్రం తప్పు. శ్రమజీవికి కూడూ గుడ్డా చాలు, విశ్వరహస్యాలతో వానికేం పని అనేది భూస్వాముల మాట. అది మన నోట రావడమేమిటి?

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా సాగింది. కొల్లేటికి దక్షిణాన బందరులో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్, గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణపటదర్శినులతో కాచుకున్నారు. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలు వేడెక్కి వెలిగే వాయురాశులని ఆనాడు తేలింది. వాటి వెలుగులోని ఒక పసుపుపచ్చ గీత భూమిమీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని ఇంగ్లండులో లాకియర్ వాదించాడు. అదే హీలియం. 1895లో రామ్సే దానిని భూమిపైనే ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. ఈ కథ మన విద్యార్థులకు ఎందరం చెప్పాం? గ్రహణంనాడు గర్భిణి కత్తిపీట ముట్టరాదన్న మాట మాత్రం ఇంటింటా మరవకుండా చెబుతున్నారు.

కథ అంతటితో ముగియలేదు. 1869 గ్రహణంలో సూర్యుని ఆవరించిన కరోనాలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. అది పదమూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుముదని తేలడానికి డెబ్బయ్యేళ్లు పట్టింది. ఇనుము ఆ స్థితికి రావాలంటే పది లక్షల డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. సూర్యుని ఉపరితలమో, అయిదున్నర వేల డిగ్రీలే! పొయ్యికన్నా పైనున్న గాలి వేడెక్కినట్టున్న ఈ విడ్డూరానికి పూర్తి కారణం నేటికీ తెలియదు. అయస్కాంత తరంగాలా? లెక్కలేనన్ని చిన్న విస్ఫోటనాలా? 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్-1లో, సూర్యబింబాన్ని మరుగుపరచి ఆ ఆకుపచ్చ గీతనే పరిశీలించే దూరదర్శిని ఉంది.

ఇక తాగునీటి మాట. 2020 డిసెంబరులో ఇదే ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనబడింది. లోహాన్ని దాని కాంతిగీతను బట్టి గుర్తుపట్టే విద్య నేడు ప్రయోగశాలల్లో సర్వసాధారణం. సూర్యునిలో ఇనుమును పట్టిన విద్యకు అది తోబుట్టువు. ఏ జాతకచక్రం ఆ పని చేయగలదు?

అయినా 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషానికి పట్టాలివ్వ తలపెట్టింది. హైదరాబాదు శాస్త్రజ్ఞుడు పుష్ప భార్గవ తదితరులు హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్లారు. 2004లో ఓడిపోయారు. కోర్టులో ఓడినదాన్ని తరగతిగదిలో గెలవవలసినవాళ్లం మనమే. ఆకాశం మనకెందుకని తప్పుకుంటే అక్కడ పంచాంగం పీట వేసుకుంటుంది. నీరు చెడింది గ్రహచారం వల్లనని నమ్మినవాడు ఎవరిని నిలదీస్తాడు?

మిత్రమా, కారణం అడిగే అలవాటు సూర్యునికొకటి, చెరువుకొకటి ఉండదు. లంకలకు ఇద్దరమూ వెళదాం. నీటికోసం అర్జీ మీరు పట్టుకురండి. తెలుగులో రాసిన ఖగోళపాఠం నేను తెస్తాను.