సంతకం ఒకరిది, బండి మరొకరిది

గత నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతున్నాను. మా వీధిలోనే ఉండే ఒక సోదరుడు మడతపెట్టిన కాగితం నా చేతిలో పెట్టి, "చాచా, ఇదేందో కాస్త చూసి చెప్పండి" అన్నాడు. దుప్పట్లు, చీరలు బండి మీద కట్టుకుని సైదాపురం, చిల్లకూరు, కోట వైపు పల్లెల్లో తిరిగి అమ్ముకునే మనిషి. ఆ కాగితం మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రిబ్యునల్ నుంచి వచ్చిన నోటీసు. మోటారు సైకిలు ఢీకొని కాలు విరిగిన ఒక వృద్ధుడు పరిహారం కోరుతున్నాడు. ప్రతివాదులలో బండి యజమానిగా మా వాడి పేరుంది. నిజానికి ఆ బండిని అతను అమ్మి నాలుగేళ్లు దాటింది.

ఎలా అమ్మావని అడిగాను. అందరూ అమ్మినట్టే అమ్మాడు. పాత వంద సీసీ బండికి మూటల బరువు ఎక్కువైంది, ఎత్తు రోడ్డు మీద లాగడం లేదు. ఇంకాస్త పెద్దది, సెకండ్ హ్యాండులో నూట యాభై సీసీ బండి చూసుకున్నాడు. పాతది బేరానికి పెట్టాడు. మధ్యవర్తి ఖాళీ ఫారాలు తెచ్చాడు, ఇతను సంతకాలు చేశాడు, సి బుక్కు ఇచ్చేశాడు, డబ్బు లెక్క చూసుకున్నాడు. ఆ ఫారాలు పూరించినవారు లేరు. బండి మాత్రం మూడు చేతులు మారింది. చివరి చేతికి వచ్చేసరికి బీమా కూడా గడువు తీరిపోయింది. కొన్న ముగ్గురిలో ఒక్కరి పేరైనా రికార్డులో లేదు. ఉన్నది సంతకం చేసి మరచిపోయిన ఇతని పేరే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఖాళీ కాగితం మీద సంతకం కంటే ప్రమాదకరమైన వస్తువును నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. అయినా మన ఇళ్లలో బండి అమ్మకం అనగానే మొదట జరిగేది అదే. దీనిని ఏదో కాగితాల చాదస్తంగా తీసిపారేయవద్దని మనవి.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షను ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒకే రాష్ట్రంలో బండి చేతులు మారితే అమ్మినవాడు 14 రోజులలో ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజులలో తన పేరు మార్చమని కోరాలి. అమ్మినవాడు తెలియజేసేది 29వ నంబరు ఫారం, కొన్నవాడు దరఖాస్తు చేసేది 30వ నంబరు ఫారం. బండి మీద ఫైనాన్సు ఉండి అప్పు తీరిపోయి ఉంటే, ఆ నమోదును కొట్టివేయించడానికి 35వ నంబరు ఫారం. మూడూ కలిపితే ఒక పూట పని. ఆ ఒక్క పూట కేటాయించనందుకు మా వాడు ఇప్పుడు కోర్టు వాయిదాలకు ఎన్ని పూటలు వదులుకోవాలో!

అమ్మిన తరువాత నాకేం సంబంధం అన్న వాదన న్యాయస్థానంలో నిలవదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఒక కారు వరుసగా పలువురి చేతులు మారింది, రిజిస్ట్రేషను మాత్రం మొదటి వ్యక్తి పేరనే ఉంది. ప్రమాదం జరిగిన నాటికి రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో అతనే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తేల్చింది. ఇందులో న్యాయం లేదనిపించవచ్చు. అయితే దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చూడండి. మంచాన పడిన ఆ వృద్ధుడు బండి ఎన్ని చేతులు మారిందో ఆరా తీస్తూ ఊరూరా తిరగగలడా? బీమా అమలులో ఉండి ఉంటే, బండితోపాటు మూడో పక్షం బీమా కూడా కొత్త యజమానికి సంక్రమించినట్టే చట్టం భావిస్తుంది కనుక, పరిహారం కంపెనీ చెల్లించేది. బీమా లేదు కాబట్టి బరువంతా పేరున్నవాడి నెత్తిన పడుతోంది.

ధర్మం తెలిసిన మనం ఇటువంటి చోట మరింత జాగ్రత్తగా ఉండవలసినవాళ్లం. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు లావాదేవీని రాసుకోవడం గురించి. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది. చేతికి చేయి జరిగే నగదు బేరాన్ని రాయకపోయినా దోషం లేదంటూనే, అమ్మకానికి సాక్షులను పెట్టుకోమని అందులోనే ఉంది. గుమాస్తాగా ఆ ఆయత్ చదివినప్పుడల్లా నా వృత్తికి దక్కిన గౌరవంగా తలచి మురిసిపోతాను, అల్లాహ్ నన్ను మన్నించుగాక. మహాప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన ఎండుగా కనిపించినది లోపల తడిగా ఉందని బయటపెట్టి, దాచిన వర్తకుణ్ణి మందలించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఇంజను పొగను చిక్కటి ఆయిలుతో నాలుగు రోజులు అణచిపెట్టి అమ్మడానికీ, తడి గింజల మీద ఎండు గింజలు పోయడానికీ తేడా ఏముంది?

పెద్ద బండి కోరుకోవడం తప్పని నేను అనడం లేదు. గూడూరు పరిసరాలలో బండి విలాసం కాదు. నిమ్మకాయల మార్కెట్టుకు తెల్లవారుజామున చేరాలన్నా, జాతీయ రహదారి మీద నాయుడుపేట, నెల్లూరు వెళ్లి రావాలన్నా, భార్యాబిడ్డలను కసుమూరు దర్గాకు తీసుకువెళ్లాలన్నా బండే ఆధారం. లారీల మధ్య వంద సీసీ బండి మీద నలుగురు కూర్చుని వెళ్లే దృశ్యం చూస్తే నా గుండె జారిపోతుంది. బరువు మోయగల బండి, ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న బండి కొనుక్కుంటానంటే మంచిదే. కొత్తది కొనే స్తోమత లేనివాడు పాతది కొంటాడు. అందులో చిన్నతనం లేదు.

అయితే పాత బండి ధర వేరు, దానిని నడిపే ఖర్చు వేరు. మన కుర్రవాళ్లు మొదటిదే చూస్తారు. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బండికి ఏడాది మూడో పక్షం బీమా 714 రూపాయలు. 150 దాటి 350 లోపు ఉంటే 1,366. ఆ పైన 2,804. పన్ను అదనం. అంటే వంద నుంచి నూట యాభైకి మారితే బీమా పెరగదు. నూట ఎనభైకో, రెండు వందల ఇరవైకో, బుల్లెట్టుకో వెళితే దాదాపు రెట్టింపు. చిన్న స్ప్లెండరు 112 కిలోలుంటే మూడు వందల యాభై సీసీ బండి 195 కిలోల దగ్గర ఉంటుంది. ఆ బరువుకు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఖరీదైనవే. పదిహేనేళ్లు నిండిన బండి అయితే రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి, అదీ అయిదేళ్లకే. చవకగా వచ్చిందని కొన్న బండికి ఏడాది తిరగకుండానే చైన్ సెట్టుకు డబ్బులేక, వదులైన చైనుతోనే తిరిగి, అది తెగి రోడ్డు మీద పడ్డ కుర్రవాణ్ణి ఆసుపత్రిలో చూశాను. ఉన్న చిన్న బండికే వేళకు ఆయిలు మార్చి, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించి, ట్యాపెట్లు సరిచేయిస్తే ఇంకో నాలుగేళ్లు వచ్చేది.

కొనేటప్పుడు బండిని ఉదయాన్నే, ఇంజను చల్లగా ఉండగా చూడాలి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాలి. సైలెన్సరు నుంచి నీలిరంగు పొగ వస్తే పిస్టన్ రింగులో, బోరో అరిగి ఆయిలు మండుతోందని అర్థం. ముందు ఫోర్కుల మీద ఆయిలు చెమ్మ, హ్యాండిలు తిప్పితే పట్టేసినట్టు ఉండటం పాత ప్రమాదానికి గుర్తులు కావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సి బుక్కులో ఉన్నవాటితో అంకె అంకె పోల్చుకోవడం. నంబరు గీకినట్టు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వెనుదిరగాలి. చెన్నై దగ్గరే కనుక తమిళనాడు బండ్లు మన వైపు చాలా వస్తాయి. వాటికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి, పన్నెండు నెలలు దాటితే ఇక్కడ రిజిస్ట్రేషను మార్చుకుని మన రాష్ట్రపు పన్ను కట్టాలి. ఆ పత్రం 'తరువాత తెచ్చిస్తా'నన్నవాడికి డబ్బు కూడా తరువాతే ఇవ్వండి.

ఇక మన మెకానిక్ సోదరులతో ఒక మాట. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక మనవాళ్లు నెలజీతపు కొలువులలో కంటే స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారని చెప్పింది. మనవాళ్లు నిలదొక్కుకున్న పనులలో వాహన మరమ్మతును కూడా పేర్కొంది. నివేదిక అక్కరలేకుండానే ఏ ఊళ్లో షెడ్ల ముందు నిలబడినా ఆ సంగతి తెలుస్తుంది. బడి మానేసి పదేళ్లకే పానా పట్టిన చేతులు అవి. వాటి నైపుణ్యం మీద నాకు ఎనలేని గౌరవం. కానీ బేరం కుదిర్చి అమ్మేవాడి దగ్గరా, కొనేవాడి దగ్గరా కమీషను తీసుకుని, "బండి బాగుంది భాయ్" అని చెప్పే మాటకు విలువెంత? కమీషను తీసుకోండి, అది శ్రమ ఫలితం. ఎవరి తరఫున తీసుకుంటున్నారో ఇద్దరికీ చెప్పి తీసుకోండి. ఖాళీ ఫారాల కట్ట షెడ్డులో ఉంచుకోవడం మానండి.

వారికి జరుగుతున్న అన్యాయాన్ని కూడా చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కార్బొరేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. చెవితో విని, వేలితో తిప్పి సరిచేసే రోజులు పోతున్నాయి. లోపం తెలుసుకోవాలంటే స్కానరు కావాలి, దానిని చదవడం రావాలి. ఆ బండ్లే ఇప్పుడు సెకండ్ హ్యాండు మార్కెట్టుకు వస్తున్నాయి. మైనారిటీల పేర శిక్షణ పథకాలు ప్రకటించినప్పుడల్లా కంప్యూటరు, కుట్టుమిషను అంటారు. రోజంతా నూనె మరకలతో పనిచేసే నలభై ఏళ్ల మెకానిక్కును పనిమాన్పించకుండా, సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టి ఇంజెక్షను వ్యవస్థ నేర్పే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? మన సంఘాలు వినతిపత్రాలు రాసేటప్పుడు దీనిని అడగాలి. అడగనిది ఏ కార్యాలయమూ ఇవ్వదు, ఇది నా అనుభవం.

కాగితాల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన యువకుల విషయంలో దీని బరువు ఎక్కువ. ఒక బండి ఏదైనా నేరంలో కనిపిస్తే పోలీసులు మొదట చూసేది రిజిస్ట్రేషను పేరు. 2008 సెప్టెంబరు 29న మాలేగావ్ పేలుడులో ఆరుగురు చనిపోయినప్పుడు దర్యాప్తు మొదట పట్టుకున్న ఆధారం ఒక మోటారు సైకిలే. అది ఎవరి పేర ఉంది, ఎవరి స్వాధీనంలో ఉంది అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. 2025 జూలై 31న ప్రత్యేక న్యాయస్థానం ఏడుగురు నిందితులనూ విడుదల చేస్తూ, ఆ బండి ఎవరిదన్నది రుజువు కాలేదని చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలు ఈ పత్రికలో ఇతరులు చర్చించగలరు. నా భయం చిన్నది. అంతటి కేసును అన్నేళ్లు వాదించే వనరులు కొందరికి ఉంటాయి. గడ్డం, టోపీ ఉన్న మన వీధి కుర్రవాడు తాను అమ్మేసిన బండి గురించి స్టేషనులో జవాబు చెప్పవలసి వస్తే అతని వెనుక ఎవరుంటారు? రవాణా శాఖ రికార్డులో పేరు మారిన తేదీ ఒక్కటే ఆ రాత్రి అతనికి సాక్షి.

పద్దెనిమిది నిండని కొడుకుకు బండి తాళం ఇచ్చే తండ్రులకు కూడా చెప్పాలి. 2019 సవరణ తరువాత మైనరు నేరానికి సంరక్షకుడు, బండి యజమాని జవాబుదారులు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషను రద్దు. ముద్దు చేసే ముందు ఇది చదువుకోండి.

వడ్డీ సంగతి తడమకుండా వదలలేను. కొత్త బండి కంటే పాత బండి అప్పుకు వడ్డీ ఎక్కువ గుంజుతారు. హరాం అని తెలిసీ, వేరే దారి లేక సంతకం చేసేవాళ్లను నేను నిందించను. బైతుల్‌మాల్‌లో సొమ్ము నిలవున్న జమాఅతులు, బండి మీద బతికేవాడికి ఖర్జె హసనా ఇవ్వడానికి ముందుకు రావాలి. షరతు ఒకటి పెట్టండి: బండి అతని పేరుకు మారిన రోజునే డబ్బు చేతికి. రెండు పనులూ అయిపోతాయి.

మా మస్జిదు కమిటీవారి అనుమతితో ప్రతి శుక్రవారం నమాజు తరువాత గంటసేపు వరండాలో కూర్చుంటున్నాను. 29, 30, 35 ఫారాలు నా సంచీలో ఉంటాయి. పూరించి ఇస్తాను, ఆన్‌లైను దరఖాస్తు మనవాళ్ల పిల్లలు చేసిపెడతారు, రుసుము ఎవరిది వారే కట్టుకుంటారు. మొదటి వారం ముగ్గురు వచ్చారు. ముగ్గురూ పెద్ద బండి కొన్నవాళ్లే, ముగ్గురి పాత బండ్లూ ఎవరి దగ్గరున్నాయో వారికి తెలియదు. ఒకరి బండి రాపూరులో ఉందని ఫోను మీద ఫోను చేసి తెలుసుకున్నాం. కొన్నాయన మొదట మాట్లాడలేదు, నోటీసు కథ చెప్పగానే మరుసటి రోజే వచ్చి సంతకం చేశాడు.

దుప్పట్ల సోదరుడి కేసులో వకీలును పెట్టాం. తాను అమ్మినట్టు చూపడానికి ఏముందని వకీలు అడిగితే, అతను ఇల్లంతా వెతికి ఒక పాత డైరీ తెచ్చాడు. అందులో అమ్మిన తేదీ, ముట్టిన మొత్తం ఉన్నాయి. కొన్నవాడి పేరు ఉండవలసిన చోట 'మెకానిక్ షెడ్డు మనిషి' అని మాత్రమే రాసి ఉంది.