గడ్డి పెరిగింది, చట్టం ఒప్పుకోదు

కజకిస్థాన్‌లోని అల్తిన్ దలా పరిరక్షణ కార్యక్రమానికి 2024లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చినప్పుడు పత్రికల చూపంతా సైగా జింక వింత ముక్కు మీదే నిలిచింది. మనిషి తప్పుకుంటే చాలు, ప్రకృతి దానంతటదే తిరిగొస్తుందన్నది ఆ కథనాల సారం. జింకల సంగతి నిజమే. ఈ శతాబ్దం మొదట్లో 50 వేల లోపుకు పడిపోయి, 2015లో కొద్ది వారాల్లోనే రెండు లక్షలకు పైగా చచ్చిపోయిన సైగాలు 2023 నాటికి 19 లక్షలయ్యాయి. అయితే అవి తిరిగే నేలంతా ఒకప్పటి పొలం కాదు. పొలంగా ఉండి గడ్డిగా మారిన నేల కథ వేరు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1954లో సోవియట్ నేత క్రుశ్చేవ్ మొదలుపెట్టిన బీడు భూముల ఉద్యమంలో ఒక్క కజకిస్థాన్‌లోనే సుమారు 2.5 కోట్ల హెక్టార్ల పచ్చికబయలు ట్రాక్టర్ల పాలైంది. పైమట్టి గాలికి లేచిపోయింది. 1963లో పంట దెబ్బతిని సోవియట్ ప్రభుత్వం విదేశీ గోధుమ కొనాల్సి వచ్చింది. షోర్తాండీ పరిశోధన కేంద్రంలో అలెగ్జాండర్ బరాయెవ్ మట్టిని తిరగేయకుండా, కొయ్యకాళ్లను పొలంలోనే ఉంచి సాగు చేసే పద్ధతి తేవడంతో కొంత నేల దక్కింది. సోవియట్ యూనియన్ కూలాక సబ్సిడీలు పోయాయి. 1990లో సుమారు 3.5 కోట్ల హెక్టార్లున్న సాగు 2000 నాటికి సగానికి దిగింది.

వదిలేసిన చేలో ముందు కలుపు, ఆ తర్వాత మాచిపత్రి జాతి మొక్కలు వస్తాయి; చాలా ఏళ్లకుగానీ ఈకల్లాంటి కంకులుండే స్టీపా గడ్డి రాదు. అదీ విత్తనం అందించే దున్నని నేల పక్కనే ఉంటేనే. అదే కాలంలో గొర్రెలు మూడున్నర కోట్ల నుంచి కోటి లోపుకు తగ్గాయి. మేసేవి లేక ఎండుగడ్డి పేరుకుపోయి కార్చిచ్చులు పెరిగాయి. శీతాకాలంలో గుజరాత్, రాజస్థాన్‌లకు వలస వచ్చే సోషబుల్ ల్యాప్‌వింగ్ అనే తీతువు జాతి పిట్ట అక్కడ ఊళ్ల చుట్టూ, పశువులు కొరికిన పొట్టి గడ్డిలో గుడ్లు పెడుతుంది. మనిషి ఊరొదిలి పోతే దానికి నష్టమే.

ఇక చట్టం. 2003 భూస్మృతి సాగుభూమిపై ప్రైవేటు యాజమాన్యాన్ని అనుమతించింది. విదేశీయులకిచ్చే కౌలు గడువును 25 ఏళ్లకు పెంచబోతే 2016 వసంతంలో అతిరౌ నుంచి అల్మాటీ దాకా జనం వీధికెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2021లో విదేశీయులకు సాగుభూమి అమ్మకం, కౌలు రెండూ నిషేధించింది. ఆ ఊపులోనే ‘వాడని’ భూముల స్వాధీనం ఉద్ధృతమైంది. దీనికి ఆధారం భూస్మృతి 92వ నిబంధన. రికార్డులో దున్నే భూమిగా ఉన్నచోట పంట వేయకపోతే అది వాడని భూమే. పన్ను అనేక రెట్లవుతుంది, ఆ తర్వాత హక్కే పోవచ్చు. ఇరవై ఏళ్లుగా నిలదొక్కుకున్న గడ్డికీ, నిరుడు మొలిచిన కలుపుకూ ఇక్కడ తేడా లేదు. భూమిని గమనించేది ఉపగ్రహం. అది చూసేది పంట ఉందా లేదా అన్నదే.

స్వాధీనం వెనుక న్యాయమైన ఫిర్యాదు లేకపోలేదు. కొద్దిమంది వేల హెక్టార్లు గుప్పిట్లో పెట్టుకుంటే, ఊరివాళ్లకు ఆవును కట్టేసే జాగా కరువైంది. ఆ ఊరివాళ్లు అడుగుతున్నది మేత. 92వ నిబంధన మాత్రం యజమానిని మళ్లీ దున్నమంటోంది. భూమి పోతుందన్న భయంతో నాగలి దించితే గడ్డీ పోతుంది, మేతా దక్కదు.

గడ్డి నేలను వాడని నేలగా లెక్కించే ఈ చూపు ఒక్క కజక్ చట్టానిదే కాదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యే మన బంజరు భూముల అట్లాసు కూడా పొద నేలలను, క్షీణించిన మేత భూములను ‘బంజరు’ పద్దులోనే రాస్తుంది.

దున్నడం ఆగి శాశ్వత గడ్డి కుదురుకున్న నేలను కజకిస్థాన్ దున్నే భూమి జాబితా నుంచి మేత భూమి జాబితాలోకి మార్చాలి. మంద తిరిగితే దాన్ని వినియోగంగా లెక్కించాలి, ఊరి మందలకు అందులో హక్కివ్వాలి. గోధుమ తగ్గిపోతుందన్న అభ్యంతరానికి పెద్దగా బలం లేదు. 1990లలో రైతులు ముందుగా వదిలేసింది ఉప్పు పట్టిన, దిగుబడి రాని నేలలనే. వాటిని దున్నితే గిట్టదని వాళ్లకు అప్పుడే తెలుసు.