తెలుసుకుందాం: మామునూరు విమాన మైదానం

ఓరుగల్లు నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మామునూరు అనే ఊరు ఉంది. అక్కడ ఒక పాత విమాన మైదానం ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేరు జిల్లాలు అయినాయి. అంతకు ముందు అవన్నీ వరంగల్లు జిల్లాలోవే. ఆ జిల్లాకు విమానాశ్రయం ఈ మామునూరే.

దీనిని 1930లో, నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టారు. 1934లో ఓరుగల్లులో ఆజంజాహీ బట్టల మిల్లు కూడా వెలసింది.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బ్రిటిషువారు దక్షిణాదిన చాలాచోట్ల విమాన మైదానాలు సిద్ధం చేసుకున్నారు. గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండ మైదానాలు ఆనాటివే. ఓరుగల్లు మైదానం సముద్రానికి దూరంగా ఉంది.

విమానానికి అంత పొడుగు మైదానం ఎందుకు? మీరు గాలిపటం ఎగరేసేటప్పుడు గాలికి ఎదురుగా పరుగెత్తుతారు గదా! విమానమూ అంతే. గాలికి ఎదురుగా వేగంగా పరుగెత్తితే, రెక్కల చుట్టూ పారే గాలి దానిని పైకి లేపుతుంది. బరువు ఎక్కువైన కొద్దీ వేగం ఎక్కువ కావాలి. ఆ వేగం అందుకోవటానికి బాట ఇంకా పొడుగు కావాలి. ఆ బాటనే రన్‌వే అంటారు.

యుద్ధం ముగిసింది. గన్నవరం మైదానం ప్రయాణికుల విమానాశ్రయమై నేటికీ పనిచేస్తున్నది. తాడేపల్లిగూడెంలో, దొనకొండలో పాత రన్‌వేలు మిగిలాయి గాని ప్రయాణికుల విమానాలు రావు. మామునూరు మాత్రం 1981 దాకా పనిచేసి మూతపడింది.

2025 ఫిబ్రవరిలో మామునూరును మళ్లీ తెరవటానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇప్పటి విమానాలు పెద్దవి, బరువైనవి. అందుచేత పాత 696 ఎకరాలు చాలవనీ, మరో 253 ఎకరాలు కావాలనీ తేల్చారు. ఆ నేల చుట్టుపక్కల ఊళ్ల రైతులది. భూమికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. కాని తాతముత్తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పొలం ఒకసారి రన్‌వే కింద పోతే, మళ్లీ పంట పండదు. విమానం వస్తే జిల్లాల వారందరికీ మేలే. ఆ మేలు కోసం పొలం వదులుకునేవారు కొందరే. వారికి న్యాయమైన ధర, బ్రతుకు తెరువు దొరకటం అందరూ పట్టించుకోవలసిన సంగతి.

పిల్లలూ, మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. 1981కి ముందు మామునూరులో విమానం దిగటం చూశారేమో! చూసి ఉంటే, వారు చెప్పింది మీ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.