బుగ్గ వెలిగితే చాలదు, మోటారు తిరగాలి

మన వూళ్ళకు కరెంటొచ్చి ఎన్నేళ్ళయింది? సర్కారు కాగితంలో ఒక లెక్క, వాడలో ఇంకో లెక్క. 1997 దాకా వూరి పొలిమేర లోపల ఎక్కడ, ఎందుకు కరెంటు వాడినా ఆ వూరికి కరెంటొచ్చినట్టే రాసుకున్నారు. అంటే దొర బావి మీద మోటారు తిరిగితే మాలపల్లెకూ మాదిగవాడకూ వెలుగొచ్చినట్టే! దళితవాడ వుంటే అక్కడా లైను వుండాలన్న మాట 2004లో గానీ నిర్వచనంలోకి ఎక్కలేదు. అప్పుడు కూడా నూటికి పది ఇళ్ళకుంటే చాలునన్నారు.

1988లో కుటీరజ్యోతి పేరిట గుడిసెకొక బుగ్గ ఇచ్చారు. 2017లో సౌభాగ్య పేరిట ఇంటింటికీ కనెక్షనన్నారు. మంచిదే. బుడ్డిదీపం పొగ పోయింది, పిల్లలు చదువుకుంటున్నారు. కాదనం. కానీ బుగ్గ వెలుగిస్తుంది, బువ్వ పెట్టదు. బువ్వ పెట్టేది మోటారు.

కుట్టుమిషనుకు చిన్న మోటారు బిగిస్తే కాళ్ళనొప్పి తగ్గుద్ది, పని పెరుగుద్ది. పిండిగిర్ని, వెల్డింగు షాపు, పంక్చరు షాపులో గాలి మిషను, చెప్పుల పనికి అరగదీసే మిషను - భూమి లేనోడికి ఇవే భూమి. ఇవి వుంటే పొద్దున్నే కూలి పిలుపు కోసం దొర గుమ్మం కేసి చూడక్కర్లేదు. వాడలోనే గిర్ని వుంటే మన ఆడోళ్ళు గింజల మూట పట్టుకుని అందరిదీ అయ్యేదాకా వూళ్ళో నిలబడక్కర్లేదు. ఇది డబ్బు మాటే కాదు, మర్యాద మాట కూడా.

మరి అడ్డమేంటి? పెద్ద మోటారుకు త్రీఫేజు కావాలి. ఆ లైను వూళ్ళోనే ఆగి, వాడకు సింగిల్ ఫేజు తీగ మాత్రమే వస్తే గిర్ని ఎట్లా పెడతాం? వోల్టేజీ చాలకపోతే అప్పు చేసి కొన్న మోటారు కాలిపోద్ది. పైగా ఇంటికిచ్చే ఉచిత యూనిట్లు దుకాణానికి రావు, దానికి వ్యాపారం రేటే. తెలంగాణలో 2021లో సెలూన్లకూ లాండ్రీలకూ నెలకు 250 యూనిట్లు ఉచితమన్నారు. ఇవ్వాల్సిందే. కులవృత్తికి ఇవ్వగలిగినోళ్ళు, కులవృత్తి వదిలి కొత్త పని పెట్టుకునే వాడబిడ్డకు ఎందుకివ్వరు?

1943లో బాబాసాహెబ్ వైస్రాయి మండలిలో కార్మికశాఖ చూస్తూ విద్యుత్తు విధానం మీద మాట్లాడారు. కరెంటు చవగ్గా, పుష్కలంగా వుంటేనే పరిశ్రమలొస్తాయనీ, పరిశ్రమలొస్తేనే జనం పేదరికంలోంచి బయటపడతారనీ ఆయన వాదన. ఆయన అడిగింది గుడిసెకొక బుగ్గ కాదు.

కార్యకర్తలారా! ఈ పక్షం మీ వాడలో తిరగండి. త్రీఫేజు ఎక్కడ ఆగింది, ట్రాన్స్‌ఫార్మరు ఎవరి వీధిలో వుంది, ఎంతమంది ఏ పని పెట్టుకోవాలనుకుంటున్నారు - రాసుకోండి. సంతకాలు పెట్టించి గ్రామసభలోనూ కరెంటాఫీసులోనూ ఇవ్వండి. ఎస్సీల పేరున కేటాయించే నిధుల్లోంచే ఆ తీగ లాగమని అడుగుదాం. అది దయ కాదు, మన వాటా.

జై భీమ్!